ఐదు లెక్కపెట్టేదాకా

సిగ్గుపడటం నాకు బాగా వచ్చు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని అదే. తల ఎంత దించాలో, చేతిసంచి పట్టీని ఎప్పుడు మెలితిప్పాలో, ఏ మాట దగ్గర గొంతు పూడుకుపోవాలో కాగితం మీద రాసిచ్చి మరీ నేర్పారు. వైద్య కళాశాలలో నేను రోగిని. నిజం రోగిని కాదు, పరీక్షల రోగిని. డాక్టర్లు కాబోయే పిల్లలు అసలు మనుషుల మీద చెయ్యి వేసేముందు మా మీద వేసి నేర్చుకుంటారు. మాతో మాట్లాడటం వచ్చిందని తేలితేనే వాళ్ళని వార్డులోకి పంపిస్తారు.

ఇదేమంత పని, మంచం మీద పడుకుని మూలగటమే కదా అనుకునేవాళ్ళుంటారు. వచ్చి ఒక్కపూట చెయ్యమనండి, తెలుస్తుంది. పొద్దున మొదటి కుర్రాడు కడుపు నొక్కినప్పుడు ఎంత నొప్పి వచ్చిందో, మధ్యాహ్నం పద్నాలుగో పిల్ల నొక్కినప్పుడూ అంతే రావాలి. ఒకరికి ఎక్కువ మూలిగి ఇంకొకరికి తక్కువ మూలిగితే పరీక్షలో అన్యాయం జరిగినట్టే. నేను ఇరవై రెండేళ్ళు బట్టలు కుట్టినదాన్ని, కొలత తప్పటం నాకు తెలియదు. అందుకే అక్కడ నాకు అంత పేరు.

పేరంటే అసలు పేరు కాదు. అక్కడ మాకు జబ్బులే పేర్లు. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయన గుండెపోటు మాస్టారు. మెట్లు ఎక్కలేనట్టు నటించే ఆవిడ నడుంనొప్పి. నేను తలనొప్పి పిన్నిని. టీలు తాగే గదిలో మా కప్పుల మీద కూడా అవే రాసి అంటించుకున్నాం. ఈ సంగతి విన్నరోజు మా ఆయన బాగా నవ్వి, మనిషిని చూసే పెట్టారే అన్నాడు. ఆయన బస్సు నడిపి రిటైరయ్యాడు. ఎదురుగా వచ్చేదాన్ని చూసీ చూడనట్టు పక్కకి తప్పుకోవటం ఆయనకి అలవాటు. నాకు ఆ అలవాటు లేదు. ఏదున్నా మొహం మీదే అనేస్తానని నాకు పెద్ద గొప్ప. ఆ గొప్ప ఎలా మంటగలిసిందో చెప్పటానికే ఇదంతా మొదలుపెట్టాను.

మా అక్క కూతురు అదే కళాశాలలో చదువుతోంది, మా ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో దాన్ని కంగారు అని పిలుస్తాం. పిల్ల పుస్తకాలన్నీ నమిలి మింగేసింది. ఏ నరం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. మనిషి ఎదురుగా కూర్చుంటే మాత్రం నోటికి తాళం పడుతుంది, లేదా వాగుడు పట్టుకుంటుంది. రోగులతో మాట్లాడే ఈ పరీక్ష మొదటిసారి తప్పింది. రెండోసారి ఒక గదిలో రోగి ముసలాయన, పోయిన నెల మా ఆవిడ పోయిందమ్మా అన్నాడట. ఇది ఠకీమని, సరే, విరేచనం సాఫీగా అవుతోందా అని అడిగింది. ఆ ముసలాయన మా గుండెపోటు మాస్టారే. నటిస్తున్నవాణ్ణి కాస్తా నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నానని ఆ తర్వాత నాతో చెప్పాడు. ఆ పిల్ల ఎవరో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

మూడుసార్లకి మించి ఈ పరీక్ష రాయనివ్వరు. ఇదే మూడోసారి. తప్పితే పేరు కొట్టేస్తారు, ఇన్నేళ్ళ చదువు గంగలో కలిసినట్టే. మా అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ, నువ్వు అక్కడే ఉన్నావు కదే, నువ్వుండగా దానికి భయమేమిటి అనేది. నేనుండగా భయం లేదనే నేనూ అనుకున్నాను.

పరీక్షకి ఆరువారాల ముందునుంచి మా ముందుగది ఆసుపత్రి అయిపోయింది. కుట్టుమిషను ముందు ఉండే స్టూలు డాక్టరుది, గోడవారనున్న కుర్చీ రోగిది. పిల్ల తలుపు బయట నిలబడి కేసు రాసిన కార్డు చదువుకుంటుంది, నేను గంట కొట్టాక లోపలికి వస్తుంది. చేతులు తుడుచుకుంటుంది, పేరు చెప్పుకుంటుంది, నా పేరూ వయసూ అడుగుతుంది. ఎనిమిది నిమిషాల్లో అన్నీ ముగించి బయటికి పోవాలి. ఆగిపోయిన గుండెని ఒత్తి నడిపించే కేసుకి కాళ్ళూ చేతులూ లేని ప్లాస్టిక్ బొమ్మ ఉంటుంది. మా ఇంట్లో అది లేదు కాబట్టి మా ఆయన నేల మీద వెల్లకిలా పడుకునేవాడు. ఉత్తుత్తినే ఒత్తవే తల్లీ, పక్కటెముకలు నావి అనేవాడు. పిల్ల నవ్వేది. నవ్వినప్పుడు బాగుండేది. మళ్ళీ స్టూలు మీద కూర్చోగానే బిగుసుకుపోయేది.

దాని జబ్బు ఏమిటో నాకు రెండోరోజే తెలిసిపోయింది. ప్రశ్న వేసి, జవాబు సగంలో ఉండగానే తరవాతి ప్రశ్న వేసేస్తుంది. నిశ్శబ్దం అంటే దానికి భయం. ఎదుటివాళ్ళు రెండు క్షణాలు మాట్లాడకపోతే తనకి మార్కులు పోతున్నాయనుకుంటుంది. చెప్పాను, తిట్టాను, ఒకసారి దాని చేతిలోంచి కార్డు లాక్కుని చింపేశాను కూడా. ఏం లాభం లేకపోయింది.

ఈలోగా కళాశాలలో ఇన్‌ఛార్జి మేడమ్ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఈసారి కేసులు పంచారు. నాకిచ్చిన కేసు కొత్తది. ఒకావిడ తలనొప్పని, నిద్రమాత్రలు కావాలని వస్తుంది. తలనొప్పి పైకి చెప్పేది మాత్రమే. ఇంట్లో మతి తప్పిన అత్తగారిని నాలుగేళ్ళుగా ఒక్కతే చూసుకుంటోంది. ముందురోజు విసుగెత్తి ఆ ముసలమ్మని చెంపమీద కొట్టింది. ఆ సిగ్గుతో ఆవిడకి నిద్ర లేదు. అడిగితే మొదట చెప్పదు. ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగితే, బాగానే ఉందండీ అంటుంది, సంచి పట్టీ మెలితిప్పుతుంది. అప్పుడు ఆ విద్యార్థి ఇంకో ప్రశ్నలోకి దూకకుండా నోరు మూసుకుని కూర్చుంటే, మీరు మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు చెప్పాలి అని నా కాగితంలో రాసి ఉంది. మధ్యలో దూకినవాళ్ళకి ఎప్పటికీ చెప్పకూడదు.

చదువుతుంటేనే నా ఒళ్ళు జలదరించింది. ఇది మీకోసమే రాయించాను పిన్నిగారూ, ఇంకెవరూ చెయ్యలేరు అన్నారు మేడమ్. అందరిముందూ అన్నారు. నడుంనొప్పి మొహం మాడిపోవటం నేను ఓరకంట చూశాను, సంతోషించాను కూడా.

ఆ తర్వాత ఫారాలు పంచారు. పేరు, ఇంటి చిరునామా, కేసు సంగతి బయట పెట్టనని ఒప్పందం, కింద ఈసారి కొత్తగా చేర్చిన ఒక ప్రశ్న. ఈ పరీక్ష రాస్తున్నవాళ్ళలో మీకు బంధువులెవరైనా ఉన్నారా? ఉంటే ఆరోజుకి మమ్మల్ని పక్కన పెడతారు, కేసు ఇంకొకరికి వెళుతుంది. ఆ ఇంకొకరు నడుంనొప్పి అని నాకు తెలుసు. పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. గదుల వరసలు రెండున్నాయి కదా, పిల్ల నా వరసలోకే రావాలని ఏముంది అనుకున్నాను. ఎవరూ లేరు అని రాసి సంతకం పెట్టాను.

ఎంత తేలిగ్గా రాశానో తల్చుకుంటే ఇప్పుడు నా చెయ్యి నాకే అసహ్యం. అక్క కూతుర్ని ఒక్క గీతలో లేకుండా చేసేశాను, ఒక వేషం కోసం.

పరీక్ష ఇంకా మూడురోజులుందనగా, సాయంత్రం పూట సాధన మధ్యలో పిల్ల కార్డులన్నీ నేల మీద పారేసి కూర్చుండిపోయింది. ఏడవలేదు, దానికే నాకు భయం వేసింది. నాకిది రాదు పిన్నీ, నేను అమ్మకి చెప్పేస్తాను అంది. నేను పక్కన కూర్చున్నాను. నా కేసు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పకూడదని సంతకం పెట్టాను, ఆ సంతకం మాత్రం నాకు పవిత్రం అన్నమాట. దానికి అంగుళం పైన పెట్టిన అబద్ధం మాత్రం ఏమీ కాదు. అందుకని చెప్పీ చెప్పకుండా చెప్పాను.

"ఇంటి సంగతి అడిగాక నోరు మూసుకో. మనసులో ఐదు లెక్కపెట్టు. ఐదు అయ్యేదాకా చచ్చినా మాట్లాడకు."

ఏ కేసులో పిన్నీ అని అడిగింది. అది అడక్కు అన్నాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. నాకు తెలిసిందేదో దానికి ఇచ్చానని అర్థమైంది. మంత్రం దొరికినట్టు రెండుసార్లు తలూపి, కార్డులు ఏరుకుని మళ్ళీ స్టూలెక్కింది. ఆ సాయంత్రం ఐదు లెక్కపెడుతూ బాగా మాట్లాడింది కూడా.

పేపరు వెనకాల మా ఆయన ఉన్నాడని మర్చిపోయాను. పిల్ల లోపలికి వెళ్ళాక పేపరు దించాడు. చెప్తే మొత్తం చెప్పాలే, లేకపోతే అసలు చెప్పకూడదు, ఇలా సగం చెప్పటం ఏం పద్ధతి అన్నాడు. మీకేం తెలుసు, మీ స్టీరింగు మీరు చూసుకోండి అని కసిరాను. నేను కేసు చెప్పలేదు, ఒట్టి ఓపిక నేర్పాను అని ఆయనతో అన్నాను. నాతో నేనూ అదే అనుకున్నాను. అలా అనుకోవటానికి వీలుగా ఉండాలనే కదా సగం చెప్పింది.

పరీక్ష రోజు పొద్దున్నే వెళ్ళి నా గదిలో కూర్చున్నాను. చిన్న గది, ఒక తెర, రెండు కుర్చీలు, గోడకి చేతులు తుడుచుకునే మందు సీసా. మూల ఇంకో కుర్చీలో పరీక్షకుడు, ఆయన ఒళ్ళో మార్కుల కాగితం. మొదటి ఆరుగురూ వచ్చి వెళ్ళారు. అందులో ఐదుగురు నా చేతిలో సంచి పట్టీ చూడనే లేదు, గబగబా ప్రశ్నలడిగి నిద్రమాత్రల సంగతి చెప్పి పోయారు. ఒకడు మాత్రం ఆగాడు. వాడికి చెప్పాను.

ఏడోసారి గంట కొట్టాక తలుపు తెరుచుకుంది. మా పిల్ల.

పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. రోగి తెలిసినవాళ్ళైతే వెంటనే చెయ్యెత్తి చెప్పాలని వాళ్ళకి నిబంధన. చెప్తే పక్క వరసలో దీనికి బదులు వేరే కేసు చేస్తున్న ఆవిడ దగ్గరికి పంపిస్తారు, ఏ నష్టమూ ఉండదు. పిల్ల చెయ్యి లేచింది. నేను అడ్డంగా తలూపాను. చాలా కొంచెం, నొప్పికి మెడ కదిలించినట్టు. తొమ్మిదేళ్ళ పనితనం కదా, పరీక్షకుడికి తెలియలేదు. పిల్లకి తెలిసింది. పైకెత్తిన చెయ్యిని గోడ మీది సీసా దగ్గరికి తీసుకువెళ్ళి మందు పోసుకుని రుద్దుకుంది.

నమస్కారమండీ, మీ పేరు చెప్తారా అని అడిగింది. చెప్పాను, కేసులో ఉన్న పేరు. తలనొప్పి ఎప్పటినుంచి, ఎటువైపు, వెలుతురు చూస్తే పెరుగుతుందా, వాంతి వస్తుందా అని వరసగా అడిగింది. ప్రతి ప్రశ్న తర్వాతా ఆగుతోంది. దాని పెదాలు సన్నగా కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. ఇదేమిటి, ప్రతిదానికీ లెక్కపెడుతోంది అనుకున్నాను కానీ అంతకుమించి ఆలోచించలేదు. నా వేషంలో నేనున్నాను.

ఇంట్లో అంతా బాగానే ఉందా అండీ అంది. బాగానే ఉందండీ అన్నాను, పట్టీ మెలితిప్పాను. పెదాలు కదిలాయి. ఐదు అయ్యాయి.

"నిన్న మా అత్తగారిని కొట్టాను" అన్నాను.

పిల్ల కార్డు పక్కన పెట్టేసింది. కుర్చీ ముందుకి జరుపుకుని, ఎన్నాళ్ళుగా మీరొక్కరే చూసుకుంటున్నారు అని అడిగింది. ఆ ప్రశ్న నేను నేర్పింది కాదు, దాని లోపలినుంచి వచ్చింది. నాకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గంట కొట్టేసరికి మూలనున్న పరీక్షకుడు తలూపుతూ రాసుకుంటున్నాడు. గట్టెక్కేసింది అనుకున్నాను. మిగిలిన ఏడుగురికీ ఎంతో హుషారుగా సిగ్గుపడ్డాను.

మధ్యాహ్నం టీ గదిలోకి వెళ్ళేసరికి నవ్వులు. గుండెపోటు మాస్టారు కప్పు కింద పెట్టి చేత్తో చూపిస్తున్నాడు. పోయినసారి విరేచనం సంగతి అడిగిన అమ్మాయే వచ్చిందట, ప్రశ్న అడగటం, బొమ్మలా నిలబడటం. మాస్టారికి గుండెల్లో నొప్పి, చెమటలు, ఊపిరి ఆడటం లేదు. ఆ పిల్ల ఎక్కడ నొప్పండీ అని అడిగి పెదాలతో ఐదు లెక్కపెట్టిందట. చేతిలోకి పాకుతోందా అని అడిగి మళ్ళీ ఐదు. నేను చచ్చేలోపు ఈసీజీ తీయమంటుందా లేదా అని నాకే ఆత్రం పట్టుకుందండీ అన్నాడు మాస్టారు. గంట కొట్టేశారు, ఈసీజీ మాట రానే లేదు. నడుంనొప్పి గదిలోనూ అంతేనట, పడుకోబెట్టి కాలెత్తి చూడకుండానే టైమైపోయింది. అన్నిటికంటే ఘోరం బొమ్మ ఉన్న గది. అక్కడుండే నర్సమ్మ చెప్పింది. ఆ పిల్ల బొమ్మ భుజం తట్టి, ఏమండీ, బాగున్నారా అని అడిగి, బొమ్మ ఏమైనా అంటుందేమోనని ఐదు లెక్కపెట్టిందట. అక్కడ ప్రతి క్షణానికీ మార్కు పోతుంది.

గదంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఏ కేసో చెప్పలేదు కదా నేను. అందుకని పిల్ల పది గదుల్లోనూ నా మాట నిలబెట్టింది. పిన్ని చెప్పిందంటే ఎక్కడో అక్కరకొస్తుందని, ఎక్కడో తెలియదు కాబట్టి ప్రతిచోటా ఆగింది. నేను చేతులు కడుక్కోవటానికి మిగుల్చుకున్న ఆ సగం మాట దాని కొంప ముంచింది.

మాస్టారు నావైపు తిరిగి, మీ గదిలోకి రాలేదా పిన్నిగారూ ఆ ఐదు పిల్ల అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు.

నేను నవ్వాను. ఊరికే మొహం సాగదీయటం కాదు. వచ్చింది మాస్టారూ, నేనూ ఇదేం శాల్తీరా బాబూ అనుకున్నాను అని పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకే నవ్వాను. ఇంతకంటే నీచం నా బతుకులో ఇంకొకటి లేదు. దీని తర్వాత చేసింది కూడా దీనికి కొనసాగింపే.

నాలుగింటికి ఇన్‌ఛార్జి మేడమ్ నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి పిల్ల అప్పటికే అక్కడ నిలబడి ఉంది. మేడమ్ బల్ల మీద మార్కుల కాగితాలున్నాయి. తొమ్మిది గదుల్లో తప్పింది, మీ గదిలో మాత్రం అందరికంటే ఎక్కువ మార్కులు అన్నారు నాతో. ఐదు లెక్కపెట్టటం అనేది ఒకే ఒక్క కాగితంలో ఉంది, అది మీ దగ్గరున్న కాగితం అన్నారు. గొంతు పెంచలేదు. పిల్లవైపు తిరిగి విడమరిచి చెప్పారు. మా మనుషులెవరైనా నీకు ఏదైనా చెప్పి నువ్వు దారి తప్పి ఉంటే, ఈ పరీక్ష లెక్కలోకి రాదు, దాచినందుకు మందలించి, రెండు నెలల తర్వాత కొత్త కేసులతో మళ్ళీ పెడతాం. నీకై నువ్వే ఎక్కడో విని చేసుంటే ఇక నేను చెయ్యగలిగింది లేదు, మూడోసారి కూడా అయిపోయినట్టే.

ఈవిడ నీకు తెలుసా అని అడిగారు. పిల్ల నావైపు చూడలేదు. తెలియదు మేడమ్, ఆ ఐదు సంగతి ఏదో పుస్తకంలో చదివాను అంది.

మేడమ్ ఇంక దాన్ని ఏమీ అడగలేదు. నావైపు తిరిగారు.

"ఈ అమ్మాయి మీకు తెలుసా పిన్నిగారూ?"

అడిగి ఊరుకున్నారు. నన్నే చూస్తూ చేతులు బల్ల మీద పెట్టుకుని ఊరుకున్నారు. ఆ విద్య కాగితంలో రాయించిందే ఆవిడ. నాకు తెలుసు ఆవిడ లెక్కపెడుతున్నారని. గోడ గడియారం కొట్టుకుంటోంది. నేను చెప్పాల్సినవి రెండు మాటలు. అవి చెప్తే పిల్ల చదువు నిలుస్తుంది, తొమ్మిదేళ్ళ నా పేరు పోతుంది. నడుంనొప్పి మొహం కళ్ళముందు కదిలింది, మాస్టారు నవ్వు చెవుల్లో వినపడింది. ఐదు దాటింది. ఇంకా దాటింది.

"తెలియదు మేడమ్" అన్నాను.

చేతిలో సంచి ఉంది, పట్టీ మెలిపడలేదు. ఇక వెళ్ళండి అన్నారు మేడమ్, ఇద్దరితోనూ.

ఒకే బస్సులో ఇంటికొచ్చాం, వేరే వేరే సీట్లలో. పిల్ల గుమ్మంలో చెప్పులు విడిచి, నేల మీది కార్డులు సర్ది, రబ్బరుబ్యాండు వేసి బల్ల మీద పెట్టింది. మా ఆయన ఏమైందని కళ్ళతోనే అడిగాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. అది తిడుతుందేమో, తిడితే బాగుండును అని ఎదురుచూశాను. తెలియదని ఎందుకన్నావే అని నేనే అడగాల్సి వచ్చింది, అంతకంటే సిగ్గుమాలిన ప్రశ్న లేదు. నువ్వు తల అడ్డంగా ఊపావు కదా పిన్నీ అంది, అందులో ఆలోచించేదేముంది అన్నట్టు. గ్లాసుతో నీళ్ళు ముంచుకుని తాగింది. తర్వాత మామూలుగానే అంది.

"నువ్వు తెలియదన్నప్పుడు ఎంత బాగా చేశావంటే పిన్నీ, నేను నీకు నిజంగానే ఏమీ కానేమో అనిపించింది."

అందులో ఎత్తిపొడుపు ఉంటే నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని. లేదు. నన్ను మెచ్చుకుంటోంది. నేను పొయ్యి ముందే కూర్చుండిపోయాను. కొంగులో మొహం పెట్టుకుంటే అది వచ్చి భుజం మీద చెయ్యి వేసి ఊరుకుంది. లెక్కపెట్టిందో లేదో నేను చూడలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరిచేసరికి మేడమ్ గది ముందున్నాను. మా ఆయన గేటుదాకా వచ్చాడు, బయటే నిలబడతాను వెళ్ళు అన్నాడు. లోపలికి వెళ్ళి కూర్చోకుండానే చెప్పేశాను. ఆ అమ్మాయి మా అక్క కూతురు మేడమ్, ఫారంలో అబద్ధం రాశాను, ఐదు లెక్కపెట్టమన్నది నేనే, చెయ్యెత్తబోతే ఆపింది కూడా నేనే. ఇంకేమైనా మిగిలిందా అని వెతుక్కుని, నిన్న మీముందు తెలియదన్నది కూడా అబద్ధమే అన్నాను.

మేడమ్ ఆశ్చర్యపోలేదు. సొరుగు లాగి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టారు. ఒకటి నా ఫారం, ఒకటి పిల్ల దరఖాస్తు. రెండింటి మీదా ఇంటి నంబరు ఒకటే, వీధి ఒకటే. నా దస్తూరీ నన్నే చూస్తోంది.

"ఇవి నిన్న కూడా ఈ సొరుగులోనే ఉన్నాయి" అన్నారు. "మీరే చెప్తారనుకున్నాను. మీకోసం ఐదు కాదు పిన్నిగారూ, ఇరవై దాకా లెక్కపెట్టాను."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎంత దించాలో ఎవరూ రాసివ్వలేదు. మేడమ్ ఒక తెల్లకాగితం నాముందుకి జరిపారు. జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. పిల్లకి మందలింపు ఉంటుందని, ఈ పరీక్ష లెక్కలోంచి తీసేస్తామని, రెండు నెలల తర్వాత రమ్మని చెప్పమన్నారు. నన్ను ఇంక పిలవరని ఆవిడ అనలేదు, నేను అడగలేదు.

బయటికి వచ్చి టీ గదిలోకి వెళ్ళాను. నా కప్పు తెచ్చుకోవాలి. మాస్టారు, నడుంనొప్పి, నర్సమ్మ అందరూ ఉన్నారు, రెండోరోజు పరీక్షకి ఎదురుచూస్తున్నారు. రండి రండి, ఇవాళ ఐదు పిల్ల లేదు, ఏమీ తోచటం లేదు అన్నాడు మాస్టారు. నడుంనొప్పి అప్పుడే నవ్వటం మొదలుపెట్టింది.

"ఆ పిల్ల మా అక్క కూతురు మాస్టారూ. ఆ ఐదు నేర్పింది నేను."

నవ్వు ఆగిపోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషి, నన్ను దెప్పాలని కాదు, లెక్క కుదరక అడిగాడు.

"అదేంటమ్మా. నిన్న మీరు కూడా నవ్వారు కదా?"

"నవ్వాను మాస్టారూ" అన్నాను.

కప్పు కడిగి సంచిలో పెట్టుకుని గేటు దగ్గర మా ఆయన ఉన్నచోటికి నడిచాను.